చెడుగుడు బరిలో తీర్పు



తర్కవ్యాకరణములు చదివి, ముప్పది యేండ్లకు పైగా వజ్రకరూరు పరిసరముల బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు చెడుగుడు ఆటను గూర్చి మాటాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. పల్లెటూరి బడిలో పండితుని పని పద్యముతో ముగియదు. సాయంకాలము బరి గీయించుట, ఈల పట్టుకొని నిలుచుట, తగవు తీర్చుట, తీర్చినందులకు ఓడినవారిచేత మాటపడుట, ఇవన్నియు నాతని కొలువులోనివే. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును బడిపిల్లలకు పాఠము చెప్పు నవకాశము నాకు రాలేదు గాని, దానిని బరిలో ప్రయోగింపవలసిన యవసరము మాత్రము తఱచుగా వచ్చినది.

ఆటలో పుట్టిన తగవు దేనివలన తీరును? చూచినవాని కంటివలననా? జరిగినదానిని మరల మరల చూపించు యంత్రమువలననా? ముందుగా వ్రాసికొన్న విధివలననా? నేటి నా ప్రసంగమునకు విషయమిదియే. 2023వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన చైనా దేశములోని హాంగ్‌జౌ నగరమున, ఆసియా క్రీడలలో, కబడ్డీ బంగారుపతకమునకై భారతదేశమును ఇరానును ఆడుచుండగా, ఆట ముగియుటకు నిమిషము పైచిలుకు మాత్రమే మిగిలియున్నప్పుడు, ఆ ప్రశ్నలన్నియు నొక్కసారిగా లేచి, ఇంచుమించు గంటసేపు ఆటను నిలిపివేసినవి. ఆ గంటలో నేమి జరిగెనో తెలియవలెనన్న, మన చేలలోని చెడుగుడు అంతదూరము పోయిన దారిని ముందు చూడవలెను.

మాది వానకు మొగము వాచిన సీమ. అనంతపురము జిల్లాలో ఏటికి కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు ప్రతి యేడు నమ్మదగినది కాదు. బుడ్డలు పెఱికి, కట్టె వాము వేసిన తరువాత చేలు బీడుగా పడియుండును. అట్టి సీమకు చెడుగుడువంటి ఆట మఱియొకటి లేదు. బంతి కొననక్కఱలేదు, బ్యాటు కొననక్కఱలేదు, చెప్పులు సైతము అక్కఱలేదు. పిడికెడు బూడిదతో నడిగీత గీసిన చాలును. ఇటు కొందఱు, అటు కొందఱు. ఒకడు ఊపిరి బిగబట్టి, కూత పెట్టుచు, గీత దాటిపోయి, ఎదుటివానిని తాకి, కూత తెగకుండ తిరిగి రావలెను. తాకినచో తాకబడినవాడు చచ్చినట్లు. పట్టుబడి కూత తెగినచో పోయినవాడు చచ్చినట్లు. చచ్చుట, బ్రదుకుట అను మాటలను ఇంత తేలికగా, ఇంత గట్టిగా వాడు ఆట వేఱొకటి నేనెఱుగను.

ఇందు పుట్టు తగవులు మూడే. తాకెనా లేదా అనునది మొదటిది. గీత దాటెనా లేదా అనునది రెండవది. కూత తెగెనా లేదా అనునది మూడవది. మొదటి రెంటికి మా నేలయే సాక్షి. చెమటపట్టిన యొంటిమీద ఎఱ్ఱమట్టి వ్రేళ్లు పడినచో అచ్చు నిలుచును. కాలు గీత తొక్కినచో బూడిద చెదరును. ఊపిరికి మాత్రము అచ్చు లేదు. అందువలన మా పిల్లల తగవులలో పదింట ఏడు కూతను గూర్చినవే. “తెగింది!” అని యొక పక్షము, “తెగల్యా సార్, నెట్టికంటి సామి తోడు!” అని రెండవ పక్షము. కసాపురము ఆంజనేయస్వామి మాకు దగ్గఱ. ఆ స్వామిపై ఒట్టు పెట్టినవానిని మరల ప్రశ్నించుట మా యూళ్లలో మర్యాద కాదు. అయినను రెండు పక్షములవారును ఒకే స్వామిపై ఒట్టు పెట్టినప్పుడు తీర్పరి యేమి చేయవలెను?

మన భాషలో ఒట్టునకు ‘ప్రమాణము’ అని పేరు. శాస్త్రములో యథార్థజ్ఞానమును గలిగించు సాధనమునకును ‘ప్రమాణము’ అనియే పేరు. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు నాలుగు ప్రమాణములు చెప్పుదురు. కన్ను చూచినది ప్రత్యక్షము. చెదరిన బూడిదనుబట్టి కాలు పడినదని యూహించుట అనుమానము. నమ్మదగినవాని మాట శబ్దము. చెడుగుడు తీర్పరికి ఈ మూడును కావలెను. కూత విషయమున మాత్రము చెవియే ప్రత్యక్షము. ఆ చెవి ముప్పది యడుగుల దూరమునుండి, చుట్టును కేకలు వేయుచున్న నూఱుమంది నడుమనుండి వినవలెను.

ప్రత్యక్షమును తేలికగా నమ్మరాదని వజ్రకరూరువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. తొలకరి వాన పడగానే ఎక్కడెక్కడివారో వచ్చి మా చేలలో వంగి నడచుచు వజ్రములకై వెదకుదురు. కడిగిన నేలమీద ఎండ పడినప్పుడు తళుక్కుమనినదెల్ల వారికి ఆ క్షణమున వజ్రమే. చేతికి తీసికొని చూచినచో పలుగురాయి. తళుకును చూచుట వేఱు, ఱాతిని నిర్ణయించుట వేఱు. ఇక ఆట చరిత్రలోనికి వత్తును.

ఈ యాటకు దేశమంతటను ఒక పేరు లేదు. మనకు చెడుగుడు, అఱవమున సడుగుడు, మహారాష్ట్రమున హుతుతు, వంగదేశమున హాడుడు, పంజాబున కబడ్డీ. పేరెన్ని విధములో విధులన్ని విధములు. వానిలో మూడు పద్ధతులు ముఖ్యముగా ప్రసిద్ధికెక్కినవి. సంజీవని యనుదానిలో, చచ్చినవాడు తన పక్షమువాడు ఎదుటివానిని చంపినప్పుడు బ్రదికి బరిలోనికి వచ్చును. కచుని కథ చదివినవారికి ఆ పేరెంత సార్థకమో తెలియగలదు. గామిని యనుదానిలో, చచ్చినవాడు తనవారందఱును చచ్చువఱకు వెలుపలనే కూర్చుండవలెను. అమర్ అనుదానిలో, చచ్చినవాడు బరి విడువనే విడువడు. లెక్క మాత్రము వ్రాసికొందురు. పైకి చూచినచో ఇవి లెక్కవేయు పద్ధతులు. లోతుగా చూచినచో, ఒక తప్పునకు ఎంత మూల్యము అను ప్రశ్నకు మూడు జవాబులు. గామినిలో తీర్పరి చేసిన ఒక్క పొరపాటు మంచి ఆటగానిని ఆట ముగియువఱకు వెలుపల కూర్చుండబెట్టును. అమర్‌లో అదే పొరపాటునకు ఖరీదు ఒక్క అంకె. సంజీవని నడిమి దారి. నేడు లోకమంతట నాడబడు కబడ్డీ దాని సంతతియే. లెక్క విధి మారినచో తీర్పరి భారమును మారునని ఈ మూడింటిని చూచినవారికి తెలియును.

మహారాష్ట్రులు ఈ యాటకు విధులు కూర్చుటలో ముందు నడచిరి. 1918లో కూర్చిన విధులు 1923లో అచ్చుపడినవి. ఆ యేడే బరోడాలో ఆ విధులతో అఖిలభారత పోటీ జరిగినది. 1936లో బెర్లిను ఒలింపిక్సు సమయమున అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు ఈ యాటను ప్రదర్శించి చూపిరి. 1938లో కలకత్తాలో జరిగిన భారత క్రీడలలో దీనికి చోటు దొరికినది. 1950లో అఖిలభారత కబడ్డీ సమాఖ్య ఏర్పడినది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకము గల ఆటగా ప్రవేశించినది. పక్షమునకు ఏడుగురు, ఇరువది నిమిషముల చొప్పున రెండు భాగములు, పురుషులకు పదుమూడు మీటర్ల పొడవు పది మీటర్ల వెడల్పు గల బరి, ఎదుటి పక్షమంతయు చచ్చినచో ‘లోనా’ యను పేర రెండు అంకెలు అదనము, ఇట్లు అన్నియు స్థిరపడినవి.

దీనివలన మనకు కలిగిన నష్టము నొకదానిని చెప్పక తప్పదు. అంతర్జాతీయ విధులలో కూత ‘కబడ్డీ’ యను మాటతోనే పెట్టవలెను. ‘చెడుగుడు’ అని కూత పెట్టినవానిని తీర్పరి వెనుకకు పంపవచ్చును. అందఱును కలిసి ఆడవలెనన్న ఒక మాట కావలెను గదా యని సరిపెట్టుకొనుచున్నాను. అయినను, డకారములు గడగడ దొర్లు మన మాట ఊపిరిని తేలికగా నడిపించునట్లు ఆ మాట నడిపింపదని నా చెవికి తోచుచున్నది. ఇది భాషాభిమానమని యెవరైన నన్నచో కాదనను.

2014 జూలై 26వ తేదీన ప్రో కబడ్డీ లీగు ప్రారంభమైనది. ఎనిమిది జట్లలో తెలుగు టైటన్స్ అను పేర మనదియు నొకటి. మట్టి పోయి పఱపు వచ్చినది. దీపములు, కెమెరాలు, కోట్ల రూపాయల వేలములు వచ్చినవి. కూతకు ముప్పది సెకన్ల గడువు పడినది. ఈ గడువువలన మా పిల్లల తగవులలో పదింట ఏడు ఒక్క దెబ్బతో నశించినవి. ఊపిరి యెంతసేపు నిలుచునను ప్రశ్నకు బదులు గడియారము జవాబు చెప్పుచున్నది. కూత పెట్టుట విధిలో నున్నది గాని, ఆట దానిపై నిలిచి లేదు. మిగిలిన రెండు తగవులకు, అనగా తాకుటకు, గీతకు, కెమెరా సాక్షిగా వచ్చినది. తీర్పు నచ్చని జట్టు పునఃపరిశీలన కోరవచ్చును. జరిగినదానిని నిదానముగా తిరుగవేసి చూచి నిర్ణయింతురు.

ఇట్టి యంత్రసాక్ష్యము చెడుగుడులో పుట్టినది కాదు. క్రికెట్టులో స్వదేశపు తీర్పరులు స్వపక్షపాతులను నింద బలిసినప్పుడు, 1986 నవంబరులో లాహోరున పాకిస్థాను, వెస్టిండీసు జట్ల నడుమ జరిగిన టెస్టుకు తటస్థులైన తీర్పరులను పిలిపించిరి. వారిరువురును భారతీయులు; పీలూ రిపోర్టరు ఒకరు, హైదరాబాదు వారైన వి. కె. రామస్వామి మఱియొకరు. అప్పటికి నమ్మదగినవాని మాటయే ప్రమాణము. ఆఱేండ్లలో అది చాలకపోయినది. 1992 నవంబరులో డర్బనున, జాంటీ రోడ్సు విసరిన బంతికి సచిన్ టెండూల్కరు పరుగులో చిక్కెనా లేదా యను సంగతిని టెలివిజను తెరపై చూచి మూడవ తీర్పరి ఔటని తేల్చెను. అట్లు తీర్మానింపబడిన మొదటి ఔటు అదియే. 2008లో భారత జట్టు సింహళమునకు పోయినప్పుడు, ఆటగాండ్రే తీర్పును ప్రశ్నించు పద్ధతిని టెస్టులలో పరీక్షించి చూచిరి.

అమెరికావారి బేస్‌బాలు ఆటలో జరిగినది మఱింత మనసును తాకును. 2010 జూన్ 2వ తేదీన డెట్రాయిటు నగరమున గలరాగా అను బంతి విసరువాడు ఇరువదియాఱుగురిని వరుసగా వెనుకకు పంపెను. ఇరువదియేడవవాడును చిక్కినచో అది నిష్కళంకమైన ఆట. ఆ దేశపు చరిత్రలో అట్టివి బహుస్వల్పము. వాడు చిక్కెను. కాని జిమ్ జాయిస్ అను తీర్పరి కంటికి చిక్కనట్లు తోచినది, అట్లే చెప్పెను. ఆట ముగిసిన పిమ్మట తిరుగవేసిన బొమ్మను చూచి, ఆ తీర్పరి తన తీర్పు తప్పని కన్నీటితో ఒప్పుకొనెను. మఱునాడు గలరాగా బరిలోనికి వచ్చి ఆటగాండ్ర పట్టికను ఆ తీర్పరి చేతికే ఇచ్చెను. లెక్క మాత్రము మారలేదు. అప్పటికి ఆ యాటలో బంతి హద్దు దాటెనా లేదా యను సంగతికే తిరిగి చూచు నేర్పాటుండెను. 2014లో దానిని తక్కిన నిర్ణయములకును విస్తరింపజేసిరి. ఈ కథ విన్నప్పుడు యంత్రము వలదనుటకు నాకు నోరు రాదు. కన్ను పొరబడినచోట యంత్రము కన్నుకంటె మేలు. అంతవఱకు అంగీకరింతును.

అయితే యంత్రము ప్రత్యక్షమునకు మాత్రమే సాయపడును. 2019 జూలై 14వ తేదీన లార్డ్సులో క్రికెట్టు ప్రపంచకప్పు కడపటి యాటలో ఇంగ్లండును న్యూజిలాండును చెఱి 241 పరుగులు చేసిరి. మరల ఆడించిన అదనపు ఓవరులోను చెఱి 15. అప్పుడు ఫోర్లు, సిక్సర్లు ఎక్కువ కొట్టినవారు గెలిచినట్లని విధి. 26కు 17 అని లెక్కించి ఇంగ్లండునకు కప్పు ఇచ్చిరి. అందు తిరిగి చూడదగిన బొమ్మ యేమున్నది? ప్రతి పరుగును కోట్లమంది చూచిరి. అందఱును ఒకటే చూచిరి. తగవు కంటిది కాదు, లెక్క విధిది. ఆ యేడు అక్టోబరులో ఆ విధిని ఎత్తివేసిరి. న్యూజిలాండువారికి దానివలన ఒరిగినదేమియు లేదు.

ఇక హాంగ్‌జౌ. ఆ దినమున ఉదయము మన స్త్రీల జట్టు చైనీస్ తైపేను 26-25తో గెలిచి, ఆ క్రీడలలో భారతమునకు నూఱవ పతకము తెచ్చినది. పురుషుల యాటకు వెనుక వేఱొక బరువున్నది. 1990నుండి 2014వఱకు ఆసియా బంగారుపతకము మనవారిని విడువలేదు. 2018లో జకార్తాలో ఇరాను సెమీఫైనలున 27-18తో మనవారి నోడించి దానిని పట్టుకొనిపోయినది. కావున ఇది ఒక్క యాటలోని గెలుపు కాదు. పుట్టినింటి యాటలో పోగొట్టుకొన్న పెద్దఱికమును తిరిగి తెచ్చుకొనుట.

ఇరుపక్షముల లెక్క 28-28. జట్టు నాయకుడు పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లెను. వరుసగా రెండు కూతలు వట్టివైనచో మూడవదానిలో అంకె తేవలెను, లేదా చావవలెను; అట్టి చావోరేవో కూత అది. అతడు ఎవరిని తాకకుండగనే బరి యంచుననున్న లాబీలోనికి కాలు పెట్టెను. లాబీ యనగా బరికి ఇరువైపుల మీటరు వెడల్పున నుండు పట్టీ. ఒకరి నొకరు తాకి పెనగులాట మొదలైనపుడే అది బరిలో చేరును. తాకకమునుపు అది బయలు. అతని వెంట ఇరాను పట్టువారు పలువురు అదే పట్టీలోనికి దూకి అతనిని నెట్టిరి.

పాత విధి ననుసరించి, తాకక లాబీలోనికి పోయినవాడు చచ్చును. అతని వెంటబడి పోయిన పట్టువారును చత్తురు. లీగులో ఆటగాండ్రకు అలవాటైన కొత్త విధి ననుసరించి, అతడు పట్టీలో కాలుపెట్టిన క్షణముననే కూత ముగిసినది. చచ్చినవాడు అతడొక్కడే, తరువాత ఎవరెక్కడికి పోయినను లెక్కలేదు. మొదటిదానివలన భారతము ముందునకు పోవును. రెండవదానివలన ఇరానునకు ఒక అంకె. నిమిషము మిగిలిన యాటలో ఒక అంకె బంగారమునకు సమానము.

అప్పుడు కెమెరాలో చూచిరి. కాలు ఎక్కడ పడినదో స్పష్టముగా నున్నది. ఎవరెవరు వెంట దూకిరో స్పష్టముగా నున్నది. అయినను తీర్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు మారినది. ఒక పక్షమునకు తీర్పు చెప్పగా రెండవ పక్షము కదలలేదు. ఇటు చెప్పగా వారు, అటు చెప్పగా వీరు. ఆటగాండ్రు పఱపుపై కూర్చుండిపోయిరి. అధికారులు గుంపుగా చేరి వాదించిరి. తుదకు తీర్పు భారతమునకు అనుకూలముగా వచ్చినది. మిగిలిన క్షణములు ఆడించిరి. 33-29తో మనవారు గెలిచిరి.

మనము గెలిచితిమి గనుక సంతోషించితిమి, నేనును సంతోషించితిని. కాని పండితునకు ఆ గంట జీర్ణము కాలేదు. రెండు విధులు ఒకేచోట సమానబలముతో నిలిచినచో మీమాంసకులు దానిని వికల్పమందురు. అతిరాత్రమను యాగమున షోడశి యను పాత్రను గ్రహింపవలెనని యొక వాక్యము, గ్రహింపరాదని యొక వాక్యము ఉండుట వారిచ్చు ఉదాహరణము. వికల్పమునకు ఎనిమిది దోషములున్నవని వారు లెక్కించి, వేఱు గతి యేదియు లేనప్పుడే దానిని ఒప్పుకొందురు. యాగమునందు కర్త ఒక్కడు. ఏదో యొక విధిని ఎంచుకొని ముగించును. ఆటలో ఇద్దఱు కర్తలు. ఒకనికి లాభించునది రెండవవానికి చావు. అచ్చట వికల్పముండరాదు. ఉన్నచో యంత్రము తగవును తీర్పదు సరికదా, మఱింత పెంచును. కన్ను మసకగా నున్నప్పుడు, “ఏమో, నేను సరిగా చూడలేదేమో” యని యోడినవాడు సగము తగ్గును. బొమ్మ స్పష్టముగా నున్నప్పుడు ఇరువురును “చూడుడు, మేము చెప్పినట్లే యున్నది” యందురు; ఇరువురు చెప్పునదియు నిజమే.

మా యూరి బరిలో వాడుకగా నుండు పద్ధతి యొకటి కలదు. పొరుగూరి జట్టు వచ్చినప్పుడు, తొలి కూతకు ముందు ఇరుజట్ల పెద్దలు నడిగీతకు చెఱియొక వైపున నిలిచి, ఈ దినము దేనికి చావు, దేనికి బ్రదుకు అని పైకి చెప్పుకొందురు. అవతలివారు మరల పలికి ఒప్పుకొనవలెను. మా వానికి తల్లి కొనిచ్చిన కొత్త చొక్కా చిరిగినచో పట్టు చెల్లునా చెల్లదా యను దాకా పోవును. నగరమువారు చూచినచో నవ్వుదురు. హాంగ్‌జౌలో అంత పెద్ద అధికారులకు, అన్ని కెమెరాలకు, ఆ పావుగంట ముందే దొరికియుండినచో, తరువాత గంట పోయెడిది కాదని నా యభిప్రాయము.

ఆ పతకము గెలిచిన రెండుమూడు దినములకే లీగు వేలము జరిగినది. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తెలుగు టైటన్స్‌వారు కొనిరి; ఆ లీగులో అప్పటివఱకు ఒక ఆటగానికి అంత ధర పలుకలేదు. 2023 డిసెంబరు 2వ తేదీన అహమ్మదాబాదులో, గుజరాతు జట్టుపై, అతడు మన జట్టు నాయకుడై తొలియాట ఆడెను. ఆసియా బంగారమును తెచ్చిపెట్టిన ఆ పాదమే అచ్చట ఎవరిని తాకకుండ అదే పట్టీలో పడినచో, చచ్చువాడు అతడొక్కడే.